ఒరగని ఇల్లు

నేల మీద 1వ రోజు
నీటిమట్టం: లేదు. గాలి: పడమర నుంచి, పొడి. ఒరుగు: సున్నా.

మొదటి గడిలో ఏం రాయాలో తోచక కలం పట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఆరేళ్లుగా పొద్దున్నే ఈ మూడు గడులు నింపడం నా పని. మా ఊరు తేలంకలో మా వరస ఇళ్లు పదమూడూ డ్రమ్ముల మీద తేలేవి. నీరు ఎంత లేచింది, గాలి ఎటునుంచి, ఏ ఇల్లు ఎటు ఎంత ఒరిగింది అని నేను రాసి జెండా ఎగరేస్తే, ఊరు ఆ రోజుకి దాన్నిబట్టి నడిచేది. ఇప్పుడు ఊరే లేదు. పోయిన తుఫానుకి డ్రమ్ములు సగం విడిపోయాయి, మిగిలినవాటికి తుప్పు పట్టింది. పుస్తకంలో మాత్రం ఇంకా తొంభై పేజీలున్నాయి. ఖాళీగా వదిలేయడం నాకు చేతకాదు.

లారీ మెట్టకి ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. వెనక రెండు బల్లలు. నాన్న ఎడమవైపు కూర్చున్నాడు, అమ్మ కుడివైపు. నాయనమ్మ నాన్న పక్కన, నేను అమ్మ పక్కన. డ్రైవరు అద్దంలో చూసి చూసి, "ఏమన్నా, పాళ్లు పంచుకోని వస్తాండారా? ఇద్దరిట్ల, ఇద్దరట్ల" అన్నాడు. నాన్న నవ్వేశాడు. అమ్మ నవ్వలేదు. ఆమె నవ్వి నెల దాటింది. వలస కాగితం మీద నాన్న తనని అడక్కుండా సంతకం పెట్టినప్పటినుంచి, ఆయనతో మాట్లాడాల్సిందంతా నాతోనే మాట్లాడుతోంది.

"మీ నాన్నని నీళ్లు తాగమను."

"నాకు వినపడింది కనకం."

"వినపడిందంట. తాగమను."

కొత్త ఇల్లంటే ఒక హాలు, రెండు చిన్న గదులు, ఒక వంటమూల. నేలంతా బూడిదరంగు పలకలు. ఎవరు ఎక్కడ అడుగేస్తే అక్కడి పలకకి తెలిసిపోతుంది. చల్లగాలి అక్కడినుంచి మాత్రమే పైకొస్తుంది. నాయనమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎగిరినంత పని చేసింది. "కిందెవడో ఊదుతున్నాడే పిల్లా."

ఆవిడ పట్టుబట్టి తెచ్చుకున్న రాతిరోలుని లారీలోంచి నలుగురం పట్టి దించాం. ఎక్కడ పెట్టాలని ఎవరం అడగలేదు. తిన్నగా మోసుకెళ్లి హాలు నట్టనడుమ పెట్టాం.

3వ రోజు
నీటిమట్టం: లేదు. గాలి: పడమర. ఒరుగు: సున్నా.

నలుగురికీ వాంతులు. ఇక్కడివాళ్లు దీన్ని నేలతిప్పు అంటారట. నేల కదలడం లేదని కళ్లు చెబుతాయి, కదులుతోందని కడుపు చెబుతుంది. ఎవరి మాట వినాలో తెలియక మనిషి గుమ్మం పట్టుకుంటాడు. నాయనమ్మ తెల్లారినప్పటినుంచి వదల్లేదు. "ఎవరైనా ఈ ఇంటిని కాసేపు ఊపండే" అని బతిమాలుతోంది.

ఇక్కడ వానలు లేవు, బావులు లేవు. డాబా మీద మంచువలలు కట్టి ఉన్నాయి. తెల్లవారుజామున వాటికి పట్టిన తేమని బిందెలోకి పిండుకోవాలి. నాన్న ఆ వలల ముడులు చూసి, కట్టినవాడెవడో గానీ వాడి చేతులు విరిచేయాలన్నాడు. కూర్చుని అన్నీ విప్పి మళ్లీ కట్టాడు. నలభై ఏళ్లు నీళ్లలోంచి వల లాగిన మనిషి ఇప్పుడు వలలోంచి నీళ్లు లాగుతున్నాడు. బిందెన్నర వచ్చాయి. పక్కింటి చెన్నమ్మక్కకి బిందే వచ్చిందట. ఆ మాటకి అమ్మ మొహంలో ఏదో కదిలింది గానీ, నాన్న అటు తిరిగేలోపే పోయింది.

5వ రోజు
నీటిమట్టం: లేదు. గాలి: లేదు. ఒరుగు: సున్నా.

మా గుమ్మం మీద చిన్న దీపం ఉంది. వచ్చిన రోజు తెల్లగా ఉండేది. ఇవాళ పసుపురంగులోకి మారింది. నాయనమ్మ చేతులు జోడించింది. గడప పచ్చగా ఉండటం శుభమేనంది. ఆ సంతోషం చెన్నమ్మక్క వచ్చేదాకా నిలిచింది. ఆవిడ చేటలో నాలుగు జొన్నరొట్టెలు పెట్టుకుని, పరామర్శకి వచ్చినట్టు మొహం పెట్టుకుని వచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"ఏం బాధపడాకక్కా. మా ఇంట్లో గూడా శానా దినాలు పసుపే ఉండె. మొగోళ్లంతా అంతే."

"దేనికండీ?" అని నేనడిగాను.

"ఆ దీపం పలకల మాటే చెప్తాది పాపా. ఆకుపచ్చ అంటే ఇంట్లో కలిసి ఉండారని. పసుపంటే పడటంలా అని. ఎర్రగా అయితే ఇండ్లిచ్చే కచేరీ వాళ్లొస్తారు."

"వచ్చి?"

"పడనోళ్లకి ఇల్లేంటికి అని విడదీస్తారు. ఇండ్లు తక్కువ, వచ్చేటోళ్లు ఎక్కువ కదా. మొగోళ్లని క్వారీ కాడ లైన్లలో పెడతారు, ఆడోళ్లని మగ్గాల షెడ్డుకి తోల్తారు. ముసలోళ్లకి వేరే ఉండాది."

క్వారీ ఇక్కడికి యాభై కిలోమీటర్లు ఉత్తరం. మగ్గాల షెడ్డు దక్షిణం. ముసలివాళ్లది ఎక్కడో ఆవిడకి తెలియదు.

"మీ నాన్నకి చెప్పు, సంతకం పెట్టి తెచ్చినందుకు మంచి చోటికే తెచ్చాడని" అంది అమ్మ. రొట్టె తుంచి నాన్న కంచంలోనే మొదట వేసింది మళ్లీ.

8వ రోజు
నీటిమట్టం: లేదు. గాలి: పడమర, దుమ్ము. ఒరుగు: సున్నా.

కచేరీ నుంచి కాగితం వచ్చింది. నేను పైకి చదివాను.

"సంగాడి నూకరాజు కుటుంబం. సభ్యులు నలుగురు. ఒకరు దగ్గరకు వచ్చిన వెంటనే మరొకరు దూరం జరుగుట: రోజుకు సగటున నూట పద్నాలుగు సార్లు. నలుగురూ ఒకే చోట కూర్చున్న సమయం: లేదు."

"నూట పద్నాలుగేనా?" అంది అమ్మ. "నేనింకా ఎక్కువనుకున్నాను."

నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అమ్మ లేచి వంటమూలకి వెళ్లింది. నూట పదిహేను అనుకున్నాను.

నాకు అర్థం కానిది నా సంగతి. అమ్మకి నాన్న మీద కోపం, సరే. నాకు ఎవరి మీదా కోపం లేదు. నాయనమ్మంటే నాకు ప్రాణం. కాగితం రెండో పేజీలో మాత్రం, నాయనమ్మ నా వైపు వచ్చినప్పుడల్లా నేను లేచి అవతలికి పోతున్నానని ఉంది. రోజుకి ముప్పైసార్లు. నేను అలాంటిదాన్నా? ఎప్పటినుంచి? కాలేజీలో చదివిందంతా బరువులూ ప్రవాహాలూ గానీ, సొంత మనసు కొలవడం ఎవరూ నేర్పలేదు.

12వ రోజు
నీటిమట్టం: లేదు. గాలి: లేదు. ఒరుగు: సున్నా.

నాన్న ఆలోచన: కలిసి కూర్చుంటే సరిపోతుంది కదా. తూర్పు గోడ పక్కన చాప పరిచి నలుగురం వరసగా భోజనానికి కూర్చున్నాం. పలకలు మా కిందినుంచి ఒకేచోట చల్లగా ఊదాయి. హాయిగా ఉండాలి నిజానికి.

రెండు ముద్దలు తినేసరికి నా వీపంతా చెమట. అమ్మ చెయ్యి కంచం అంచుని గట్టిగా పట్టుకుంది. నాయనమ్మ తినడం మానేసి ఎదురుగోడ వైపు చూస్తోంది.

"అటు బోసిగా ఉందే" అంది.

"గోడ నాయనమ్మా. గోడకేముంటుంది?"

"ఏమో. నా ఒళ్లు జలదరిస్తోంది."

నాన్న ఉప్పు తెస్తానని లేచాడు. ఉప్పు చాప మీదే ఉంది. ఆయన లేవడంతోనే నాయనమ్మ ఇటు జరిగింది, అమ్మ గోడకి నొక్కుకుంది. నేను కంచం పట్టుకుని ఎప్పుడు లేచానో తెలియదు. కాసేపటికి చూస్తే హాలు నాలుగు మూలల్లో నలుగురం, ఎవరి కంచం వాళ్ల ఒళ్లో. అందరికీ ఆకలి తిరిగొచ్చింది. శుభ్రంగా తిన్నాం.

కలిసి కూర్చున్నది నాలుగు నిమిషాలు. ఇరవైమూడేళ్లు ఒకే కప్పు కింద బతికిన మనుషులం, నాలుగు నిమిషాలకి మించి ఒకరినొకరు ఓర్చుకోలేకపోయాం. దీపం చెబుతున్నది నిజమేనా? అక్కడ నీటి గొడవలో మాకు తీరిక లేక తెలియలేదా?

15వ రోజు
దీపం ఎర్రబడింది. గడులు తర్వాత నింపుతాను.

మధ్యాహ్నం అమ్మ నాన్నతో మాట్లాడింది. నేరుగా. నేను తలుపు దగ్గర వల పిండిన గుడ్డలు ఆరేస్తున్నాను.

"నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే వద్దంటావని తెలుసు."

"వద్దనేదాన్ని కాదుగా. డ్రమ్ములకి తుప్పు పట్టింది నాకు కనపడలేదా? అడగాల్సింది. అంతే. నా ఇల్లు నువ్వొక్కడివే విప్పేశావు."

"భయమేసింది కనకం. నువ్వు ఉందామంటే నేనూ ఉండిపోతానని."

నాన్న రెండడుగులు ముందుకొచ్చాడు. అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. నాన్న తలొంచుకుని గుమ్మం వైపు తిరిగాడు, అమ్మ వంటమూల వైపు. నాయనమ్మ గదిలోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి పోయింది. నేను తడిగుడ్డ చేత్తో పట్టుకుని హాలు అవతలి చివర ఉన్నాను. ఎలా వచ్చానో నాకే తెలియదు.

బయట చెన్నమ్మక్క మా దీపం చూసి తన తలుపు నెమ్మదిగా వేసుకుంది. దానికే ఎక్కువ బాధేసింది.

ఒరుగు: సున్నా. ఇంకేం ఉంటుంది.

18వ రోజు
నీటిమట్టం: లేదు. గాలి: పడమర. ఒరుగు: కింద చూడు.

ఎవరి పలకల లెక్క వాళ్లు అడిగి చూసుకోవచ్చట. కచేరీ కిటికీ దగ్గర నిన్నంతా వరసలో నిలబడి మా ఇంటిది తెచ్చుకున్నాను. ఇంటి పటం, అందులో నాలుగు చుక్కలు. గంట గంటకీ ఒక పటం, చుక్కలు కదిలిన దారితో సహా. ఎవరు ఎవరినుంచి పారిపోతున్నారో ఇవాళ తేల్చేద్దామని కూర్చున్నాను.

ముందు నన్ను పట్టుకున్నాను. నాయనమ్మ తూర్పుకి వస్తే నేను పడమరకి. నిజమే. కానీ నాయనమ్మ పడమరకి పోతే నేను తూర్పుకి వచ్చాను. పారిపోయేవాళ్లు ఎవరూ పిలవకుండా తిరిగిరారు కదా. అమ్మ వంటమూలకి వెళితే నాన్న ఎదురు కిటికీకి. అమ్మ నడుమకి వస్తే నాన్న కూడా నడుమకే. ఈ ఆట నాకు ఎక్కడో తెలుసు. కళ్లతో కాదు, వేళ్లతో తెలుసు. ఆరేళ్లు రోజూ రాసిన పని అది.

నాన్న అరవై ఎనిమిది కిలోలు, అమ్మ యాభై ఐదు, నేను యాభై రెండు, నాయనమ్మ నలభై ఒకటి. నాలుగు చుక్కలకీ బరువులు కట్టి, అన్నిటికీ కలిపి నడుమ ఎక్కడ పడుతుందో ప్రతి పటంలోనూ లెక్కగట్టాను. నాలుగు వందల పైచిలుకు పటాలు. మధ్యాహ్నానికి చెయ్యి లాగేసింది. నడుమ ఎప్పుడూ ఒకేచోట పడింది. మహా అయితే అటు మూరెడు, ఇటు మూరెడు.

నాయనమ్మ రోలు ఉన్నచోట.

మేం ఈ ఇంటిని ఒరగనివ్వకుండా పట్టుకుని ఉన్నాం. పదిహేడు రోజులుగా, నాలుగు నిమిషాలు తప్ప. ఇది ఒరిగే ఇల్లు కాదని మా ఒళ్లకి ఎవరూ చెప్పలేదు.

ముగ్గురినీ పిలిచి చూపించాను. నాయనమ్మ, "దానికింత రాతెందుకే? ఒకళ్లు లేస్తే ఒకళ్లు సర్దుకోరా?" అంది. నాన్న పటం చూస్తూ ఉండిపోయాడు. అమ్మ అడిగింది, "పదిహేనో రోజుది ఏది?"

తీసిచ్చాను. వాళ్లిద్దరూ గొడవపడిన గంట. ఆయన రెండడుగులు, ఆవిడ రెండడుగులు, దానికి సరిపడా అవతలి చివరికి నేను. నడుమ రోలు దగ్గరినుంచి బెత్తెడు కూడా కదల్లేదు.

అమ్మ ఆ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. ఎందుకో అడగలేదు. అసలు నాకే సగం అర్థమైంది, సగం కాలేదు. ఆమె వెనక్కి తగ్గింది కోపానికా, ఆయన ముందుకొచ్చినందుకా? పటంలో రెండూ ఒకేలా ఉంటాయి.

21వ రోజు
నీటిమట్టం: లేదు. గాలి: లేదు. ఒరుగు: సున్నా.

కచేరీ నుంచి ఈశ్వరమ్మగారు వచ్చారు. భారీ మనిషి. చేతిలో బడిపిల్లల పలకంత తెర, దాని మీద మా ఇంటి పటం, నాలుగు చుక్కలు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఐదో చుక్క వెలిగింది. రోలు కాలికి తగిలింది.

"దీన్ని నట్టనడుమ ఏంటికి పెట్టినారమ్మా?"

"అదక్కడే ఉంటుందండి, ఆయ్" అన్నాడు నాన్న.

నేను పటాలు పరిచి చెప్పడం మొదలుపెట్టాను. డ్రమ్ములు, బరువులు, నడుమ. ఆవిడ సగం విని చెయ్యెత్తింది. "పాపా, నేను పద్దెనిమిదేండ్లుగా ఈ పని చేస్తాండా. విడదీసేటప్పుడు ప్రతి ఇంట్లో ఒక లెక్క చెప్తారు. కూచోని కాగితం రాసుకుందాం" అని తూర్పు గోడ దగ్గర చాప మీద చతికిలబడింది.

ఆవిడ కూర్చున్న మరుక్షణం నాయనమ్మ తన పీట ఎత్తుకుని పడమటి గోడకి పోయింది. నాన్న ఆమె వెనకే. అమ్మ మజ్జిగ గ్లాసు సగం దారిలో ఆపేసి, రోలు దాటి అవతలికి అడుగేసింది.

ఈశ్వరమ్మగారి మొహం ఎర్రబడింది. "నేనేమన్నా అంటురోగమా?"

"మీ పలక చూడండి మేడమ్" అన్నాను. "ఐదు చుక్కలు. నడుమ చూసుకోండి."

చూసింది. తర్వాత లేచింది. లేచి పడమటివైపు నాలుగడుగులు వేసింది. మావాళ్లు ముగ్గురూ తూర్పుకి వచ్చేశారు. నాయనమ్మ పీటతో సహా. ఆవిడ తలుపు దగ్గరకి వెళితే వీళ్లు వంటమూలకి. ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగి వంటమూలకి వస్తే వీళ్లు తలుపుకి. మూడోసారి ఆవిడకి ఆయాసం వచ్చి నడుమ నిలబడిపోయింది. అందరం నడుమకి దగ్గరగా చేరాం. నేను కూడా.

"నన్ను ఆడిస్తాండారా?"

"మేం కాదమ్మా" అంది నాయనమ్మ, చాలా ఓపిగ్గా. "నువ్వే ఉన్నట్టుండి లేస్తున్నావు. కాస్త చెప్పి లేవాలి. పెద్ద ఒళ్లు కదా."

ఈశ్వరమ్మగారు రోలు మీద కూర్చుంది. మజ్జిగ పుచ్చుకుంది. అక్కడ ఆవిడ కూర్చుంటే మేం ఎవరం కదలక్కర్లేదు.

"నేను గూడా సూసినానులే" అంది చివరికి. "నేను లేస్తే ఎవరూ ఇట్ల కనిపెట్టుకోని ఉండరు మా ఇంట్లో. మా దీపం ఆకుపచ్చే." గ్లాసు ఇచ్చేసింది. "కానీ పాపా, నా కాగితంలో దీనికి గడి లేదు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. అంతే. నేలతిప్పు అని రాసి నలభై దినాలు గడువిస్తా. ఆలోపల నేర్చుకోండి. ఈ రోలు ముందు నడుమలోంచి తీసేయండి. నేల యాడికీ పోదమ్మా. నమ్మల్ల."

27వ రోజు
నీటిమట్టం: లేదు. గాలి: పడమర. ఒరుగు: సున్నా.

రోలు వరండాలోకి పోయింది. నాయనమ్మ దాని పక్కనే కూర్చుంటోంది, ఊరికి తీసుకెళ్లే లారీ కోసం ఎదురుచూస్తున్నట్టు.

పొద్దున వల పిండాక గంట సాధన. నలుగురం ఒకే గోడ పక్కన కూర్చుని గోంగూర ఒలవాలి. ఒకరు లేస్తే మిగతావాళ్లు అరచేతులు పలకకి ఆనించి ఉండిపోవాలి. ఇదంతా నేను పెట్టిన నియమమే. మొదటి రోజు అమ్మ లేచినప్పుడు నాన్న సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. ఆమె మునిగిపోతుంటే చూస్తూ కూర్చున్నట్టుందే అమ్మడూ అన్నాడు. రేపటికి తగ్గుతుంది నాన్నా అన్నాను. తగ్గాలని కోరుకుంటున్నానో లేదో నాకు తెలియలేదు. తగ్గకపోతే ఆయన క్వారీకి.

నాయనమ్మకి ఒకే ఒక చిట్కా పనిచేసింది. కళ్లు మూసుకుని, ఎదురుగోడ దగ్గర పోయిన తాతయ్య కూర్చున్నాడని అనుకోవడం.

59వ రోజు

గడులు చివర నింపుతాను.

గడువు ఇంకా రెండు రోజులుండగానే దీపం ఆకుపచ్చగా మారింది. చెన్నమ్మక్క వీధిలోంచే, "పడిందా అక్కా?" అని అరిచింది. అమ్మ కిటికీలోంచి, "ఏం చేస్తాం, పడింది" అంది. వీధంతా నవ్వింది. నలుగురం ఇక్కడే ఉంటాం. ముసలివాళ్ల చోటు ఎక్కడో తెలుసుకోవాల్సిన పని ఇక లేదు. నాన్నకి పక్క వీధుల వలలు కట్టే పని కూడా దొరికింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను పుస్తకం తీసుకుని కూర్చున్నాను. అమ్మా నాన్నా తూర్పు గోడకి ఆనుకుని ఉన్నారు. ఇప్పుడు నేరుగానే మాట్లాడుకుంటున్నారు, వల ముడుల గురించి ఏదో. నాయనమ్మ వాళ్ల కాళ్ల దగ్గర పడుకుంది. అమ్మ మజ్జిగకని లేచి వంటమూలకి వెళ్లింది.

నాన్న కదల్లేదు.

చేతులు పలకకి ఆనించుకోలేదు కూడా. ఒక చేత్తో వల పట్టుకుని, రెండో చేత్తో ముడి బిగిస్తూ, అలాగే కూర్చున్నాడు. ఆమె లేచినట్టు ఆయనకి తెలియనే లేదు. అమ్మ వంటమూల దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసింది. తర్వాత గ్లాసులు పట్టుకుని వచ్చి, ఆయనకి ఇంకా దగ్గరగా, భుజం తగిలేలా కూర్చుంది.

ఇదే కదా మేం దాదాపు నలభై రోజులు నేర్చుకున్నది. అయినా తేలంకలో ఒరుగు చూసిన పాత రసమట్టం తీసి నేల మీద పెట్టాను. బుడగ సరిగ్గా నడుమన ఉంది. తిప్పి పెట్టాను. నడుమనే.

"అక్కడ ఒక్కదానివీ ఏం చేస్తున్నావే అమ్మడూ?" అన్నాడు నాన్న.

అప్పుడు చూసుకున్నాను. పడమటి గోడకి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి కూర్చుని ఉన్నాను.

"ఇటు రా. చల్లగా ఉంది."

"వస్తాను నాన్నా. ఈ మూడు గడులూ రాసి."

నీటిమట్టం: లేదు.
గాలి: లేదు.
ఒరుగు: రసమట్టం సున్నా అంటోంది. వాళ్లు ముగ్గురూ అటే ఉన్నారు. మజ్జిగ తాగడం అయ్యేదాకా నేనిటే ఉంటాను.